మారిషస్ గురించి బీచ్‌లు కాకుండా ఇంకేమైనా చెప్పండి: దేశం, జనం, సర్కారు, బతుకుదెరువు

శ్రీకాకుళం_రవి
అందరికీ నమస్కారం. మారిషస్‌లో ఎబెన్ అనే చోట రెండేళ్ల కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. మా ఆవిడ, ఆరేళ్ల పాప కూడా వస్తారు. యూట్యూబ్ నిండా నీలం నీళ్లు, హనీమూన్ జంటలు, రిసార్టులే. నాకు కావాల్సింది అది కాదు. ఆ దేశం ఎలా ఉంటుంది, అక్కడ ఉండేది ఎవరు, ఎవరు పాలిస్తారు, అంత చిన్న దీవికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఇవి తెలుసుకుని వెళ్లాలని ఉంది. ఏమీ తెలియకుండా వెళ్లి వాళ్ల మధ్య రెండేళ్లు బతకడం నాకు నచ్చదు. అక్కడ ఉన్నవాళ్లు, ఉండి వచ్చినవాళ్లు, చదివినవాళ్లు ఎవరైనా సరే వివరంగా రాయండి, ఎంత పొడుగైనా చదువుతాను.

రోజ్‌హిల్_పద్మ
రవి గారూ, నాది విశాఖ, పెళ్లయ్యాక ఇక్కడ రోజ్ హిల్‌లో ఉంటున్నాం. ఎబెన్ మాకు పక్కనే. ముందు నేల సంగతి చెప్తాను.

దేశం మొత్తం 2,040 చదరపు కిలోమీటర్లు, అందులో అసలు దీవి 1,865. తూర్పున 560 కిలోమీటర్ల దూరంలో రోడ్రిగ్స్ అని ఇంకో దీవి ఉంది, ఉత్తరాన ఎక్కడో అగలేగా, ఇంకా సెయింట్ బ్రాండన్ అని ఇసుక తిన్నెల్లాంటి చిన్న దీవులు. ఆఫ్రికా తీరం నుంచి సుమారు 2,000 కిలోమీటర్లు. భూమి ఇంతే గానీ సముద్రంలో వీళ్లకు హక్కున్న ప్రాంతం దాదాపు 23 లక్షల చదరపు కిలోమీటర్లు, ఆ లెక్కన చూస్తే ఇది చిన్న దేశమేం కాదు.

అగ్నిపర్వతాల వల్ల పుట్టిన దీవి. క్యూర్‌పీప్ ఊరి మధ్యలోనే ఆరిపోయిన అగ్నిపర్వతం నోరు ఉంటుంది, పొద్దున్నే జనం దాని చుట్టూ వాకింగ్ చేస్తారు. అన్నిటికంటే ఎత్తయిన శిఖరం 828 మీటర్లే. దీవి చుట్టూ దాదాపుగా పగడపు దిబ్బ ఉంది కాబట్టి ఒడ్డు దగ్గర నీళ్లు చెరువులా నిలకడగా ఉంటాయి. దక్షిణాన గ్రీ గ్రీ దగ్గర ఆ దిబ్బకు గండి ఉంది, అక్కడ అలలు నేరుగా వచ్చి కొండరాయిని కొడతాయి. పాపతో అక్కడ నీళ్లలోకి దిగొద్దు, బోర్డులు ఊరికే పెట్టలేదు.

వాతావరణం ఒక్క దీవిలోనే నాలుగైదు రకాలు. రాజధాని పోర్ట్ లూయీలో చెమటలు కారుతుంటే అరగంట ప్రయాణం చేసి క్యూర్‌పీప్ వెళ్తే స్వెట్టర్ కావాలి, వాన తుంపర ఆగదు. పడమటి తీరంలో ఏడాదికి 900 మిల్లీమీటర్లు పడితే మధ్య మిట్ట మీద 4,000 దాకా పడుతుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఎండాకాలం, అదే తుపాన్ల కాలం కూడా. తుపాను హెచ్చరికలు క్లాస్ 1 నుంచి 4 దాకా ఉంటాయి. క్లాస్ 3 అన్నారంటే ఇంటికి చేరి తలుపులు బిగించుకోవడమే. 1960లో వచ్చిన కేరల్ తుపాను గురించి ముసలివాళ్లు ఇప్పటికీ చెబుతారు, ఇక్కడ అందరూ కాంక్రీటు శ్లాబు ఇళ్లు కట్టుకోవడం మొదలైంది దాని తర్వాతే. ఈ మధ్య గాలి కంటే వరదే ఎక్కువ భయపెడుతోంది. 2013 మార్చిలో పోర్ట్ లూయీలో ఉన్నట్టుండి వరదొచ్చి 11 మంది చనిపోయారు. 2024 జనవరిలో బెలాల్ తుపాను రోజు అదే ఊళ్లో కార్లు వీధుల్లో కొట్టుకుపోయాయి.

ఇల్లు చూసుకునేటప్పుడు మేడ మీద వాటర్ ట్యాంకు ఉందా అని తప్పకుండా అడగండి. ఇంత వాన పడే దేశంలో ఎండాకాలం వస్తే నీళ్లకు టైమింగులు. మార్ ఓ వాకోవా అనే పెద్ద రిజర్వాయరు ఎంత నిండిందన్నది టీవీ వార్తల్లో చెప్తారు. శుద్ధి చేసి వదిలిన నీళ్లలో సగానికి పైగా పాత పైపుల లీకుల్లోనే పోతాయి.

కాకినాడ_మాస్టారు
జనం గురించి చెప్పాలంటే ఓడల దగ్గర మొదలుపెట్టాలి. ఆ దీవికి స్థానికులు అంటూ ఎవరూ లేరు, మనుషులే లేని నేల అది. ఇప్పుడు ఉన్నవాళ్లంతా ఎక్కడి నుంచో వచ్చినవాళ్లే, లేదా తేబడినవాళ్లు. 1598లో డచ్చివాళ్లు దిగి తమ రాకుమారుడు మారిట్స్ పేరు పెట్టారు. 1638 నుంచి 1710 దాకా ఉండి వెళ్లిపోయారు, ఈలోగా డోడో పక్షి అంతరించిపోయింది. 1715లో ఫ్రెంచివాళ్లు వచ్చి ఆఫ్రికా, మడగాస్కర్ల నుంచి బానిసలను తెచ్చి చెరకు వేయించారు. 1810లో ఇంగ్లీషువాళ్లు గెలుచుకున్నారు గానీ ఫ్రెంచి భూస్వాములను, వాళ్ల భాషను, చట్టాలను అలాగే ఉండనిచ్చారు. అందుకే తర్వాత దేశాన్ని ఏలింది ఇంగ్లీషువాళ్లయినా పత్రికలు ఫ్రెంచిలో ఉంటాయి.

1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. చెరకు కోయడానికి మనుషులు కావాలి. మన దేశం నుంచి ఒప్పంద కూలీలను తీసుకెళ్లడం అంతకు ముందే, 1834లోనే మొదలుపెట్టారు. ఇరవయ్యో శతాబ్దం మొదటి దాకా దాదాపు నాలుగున్నర లక్షల మంది వెళ్లారు. ఎక్కువ మంది బీహారు వైపు భోజ్‌పురి వాళ్లు, కలకత్తా రేవు మీదుగా. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్లినవాళ్లలో తమిళులు, మనవాళ్లు.

మనవాళ్ల కథలో మా కోరంగి ఉంది. 1839 నవంబరులో వచ్చిన తుపాను ఆ రేవును ఊడ్చేసింది. 1843లో కోరంగి ప్యాకెట్ అనే ఓడ అక్కడి నుంచి మారిషస్ వెళ్లింది. అక్కడ తెలుగువాళ్లకు కోరంగీలు అనే పేరు స్థిరపడింది ఇందుకే. విశాఖ, గంజాం వైపుల నుంచీ వెళ్లారు. అయిదేళ్ల ఒప్పందం, మగవాడికి నెలకు 5 రూపాయలు, తిండిగింజలు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవాళ్లు, జ్వరమొచ్చి పడుకున్నా సరే. ఆ కోత కింద నెలాఖరుకు చేతికి ఏమీ రాని కుటుంబాలు ఎన్నో.

రవీ, నువ్వు పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్‌కు వెళ్లు. ఓడ దిగినవాళ్లు ఎక్కిన 16 మెట్లు ఇప్పటికీ ఉన్నాయి, 2006 నుంచి అది యునెస్కో వారసత్వ స్థలం. మోకాలో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది, అందులో ఆ కూలీల రికార్డులు, 1860ల తర్వాత వచ్చినవాళ్ల ఫొటోలు కూడా దాచారు. తాత పేరు, ఊరు, ఓడ పేరు వెతుక్కుంటూ మనుమలు ఇప్పటికీ అక్కడికి వస్తుంటారు. లె మోర్న్ కొండకు కూడా తప్పకుండా వెళ్లాలి. పారిపోయిన బానిసలు తలదాచుకున్న కొండ అది, 2008లో దాన్నీ యునెస్కో గుర్తించింది. కూలీల మెట్లు చూసి ఆ కొండను వదిలేసి వచ్చేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

సత్య_మారిషస్
మాస్టారూ, నమస్కారం. నేను ఆ కోరంగీల మునిమనవణ్ణే. తెలుగు బళ్లో నేర్చుకున్నాను, తర్వాత మీరు చెప్పిన ఇన్‌స్టిట్యూట్‌లో. ఇంట్లో మేం మాట్లాడేది క్రియోల్, ఫ్రెంచిలోంచి పుట్టిన భాష. దేశంలో నూటికి 85 మందికి పైగా ఇంట్లో మాట్లాడేది అదే, ఏ మతమైనా ఏ జాతైనా. సర్కారు కాగితాలు ఇంగ్లీషులో, పత్రికలు ఫ్రెంచిలో, తిట్లు, ప్రేమలు, బేరాలు క్రియోల్‌లో.

మేం జనాభాలో రెండు మూడు శాతమే. అయినా ఉగాది దేశమంతటికీ సెలవు. తైపూసం కావడి, మహాశివరాత్రి, రంజాన్, చైనీయుల కొత్త సంవత్సరం, అన్నీ సెలవులే. బానిసత్వం పోయిన ఫిబ్రవరి 1, కూలీలు దిగిన నవంబరు 2 కూడా. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ మా ఊళ్లలో ఇప్పటికీ జరుగుతాయి. రామభజనం అయితే రాత్రంతా. మధ్యలో దీపం పెట్టి దాని చుట్టూ తిరుగుతూ తాళాలతో పాడతారు. పాడే పెద్దవాళ్లలో కొందరికి ఆ పాట మాటలు పూర్తిగా అర్థం కావు, అయినా ఒక్క అక్షరం తప్పు పోదు, తాతల నోటి నుంచి విని పట్టుకున్నవి. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో మా దేశంలోనే జరిగాయి.

పాప కూడా వస్తుందన్నారు కదా. సర్కారు బళ్లలో పిల్లలు ఒక ఆసియా భాష ఎంచుకోవచ్చు, అందులో తెలుగు ఉంది. కాకపోతే ఎంచుకునే పిల్లలు ఏటా తగ్గుతున్నారు. మీ పాప వచ్చి తరగతిలో కూర్చుంటే మా టీచర్లకు ఎంత సంతోషమో చెప్పలేను.

శ్రీకాకుళం_రవి
మాస్టారూ, సత్య గారూ, పద్మ గారూ, చాలా థాంక్స్. ఇలాంటిదే కావాలనుకున్నాను. ఇప్పుడు సర్కారు గురించి కూడా ఎవరైనా చెప్పండి. ఇన్ని మతాలు, ఇన్ని భాషలు ఉన్నాయంటున్నారు, మరి గొడవల్లేకుండా ఎలా నడుస్తోంది?

నర్మద_జె
గొడవల్లేకుండా అనలేం రవి గారూ, దాటుకుంటూ వచ్చారు అంటే సరిపోతుంది. నేను రాజనీతి శాస్త్రం చెబుతాను, చిన్న దేశాల రాజ్యాంగాలంటే ఇష్టం.

1967 ఎన్నికల్లో స్వతంత్రం కావాలన్న కూటమి గెలిచింది, కానీ వద్దన్న పార్టీకి నూటికి 43 దాకా ఓట్లు పడ్డాయి. అంటే దాదాపు సగం దేశానికి భయం, హిందువుల రాజ్యం వస్తే మా గతేంటని. 1968 జనవరిలో పోర్ట్ లూయీలో క్రియోల్ (బానిసల వారసులైన జనం), ముస్లిం గుంపుల మధ్య కొట్లాటలై బ్రిటిష్ సైన్యం దిగింది. ఆ రెండు నెలలకే, మార్చి 12న స్వతంత్రం. మొదటి ప్రధాని శివసాగర్ రామ్‌గులామ్ చేసిన మంచి పని, 1969లోనే, స్వతంత్రాన్ని వ్యతిరేకించిన గేతాన్ డ్యువాల్‌నే సర్కారులోకి తీసుకోవడం. చెడ్డ పని, ఎన్నికలు వాయిదా వేసి 1976 దాకా పెట్టకపోవడం, మధ్యలో ఎమర్జెన్సీ. రెండూ చెప్పుకోవాలి.

ఇప్పటి పద్ధతి: 1992 నుంచి గణతంత్రం, రాష్ట్రపతిని అసెంబ్లీ ఎన్నుకుంటుంది, అధికారం ప్రధానిది. ప్రధాన దీవిలో 20 నియోజకవర్గాలు, ఒక్కోదానికి ముగ్గురు సభ్యులు, ఓటరు మూడు ఓట్లూ వేయాలి. రోడ్రిగ్స్‌కు ఇద్దరు. మొత్తం 62. ఇవి కాక ఓడినవాళ్లలోంచి ఎనిమిది మంది దాకా తీసుకుంటారు, సభలో తక్కువ మంది ఉన్న వర్గాలకు చోటు దొరకాలని. దాన్ని బెస్ట్ లూజర్ పద్ధతి అంటారు. మూడు సీట్ల పద్ధతి వల్ల ఊపు వచ్చిందంటే ఊడ్చేయడమే. 1982లో, 1995లో, మళ్లీ 2024 నవంబరులో గెలిచిన కూటమికి ప్రధాన దీవిలోని 60కి 60 వచ్చాయి. 2024లో నవీన్ రామ్‌గులామ్ అలా తిరిగి ప్రధాని అయ్యారు. ప్రతిపక్షానికి గొంతు మిగిలేది ఆ ఓడిన సీట్ల వల్లే.

సైన్యం లేదు. పోలీసులు, అందులోనే ఒక ప్రత్యేక దళం, కోస్ట్ గార్డు, అంతే. మిగిలిన డబ్బు బళ్లకు, ఆస్పత్రులకు వెళ్లింది. చివరి అప్పీలు ఇప్పటికీ లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్‌కే వెళ్తుంది. స్వతంత్ర దేశానికి ఇదేంటని మనకు అనిపిస్తుంది గానీ అక్కడ చాలామంది, ఊళ్లో అందరూ అందరికీ తెలిసిన చోట తీర్పు చెప్పేవాడు దూరంగా ఉండటమే మేలు అంటారు.

సత్య_మారిషస్
నర్మద గారూ, బాగా రాశారు, కానీ ఆ బెస్ట్ లూజర్ పద్ధతిలో మాకు నొప్పి ఒకటుంది. పోటీ చేసేవాడు నేను హిందువును, ముస్లింను, చైనీయుణ్ణి, లేదంటే జనరల్ పాపులేషన్ (ఈ మూడింట్లో చేరనివాళ్లు) అని నాలుగింట్లో ఒకటి రాసివ్వాలి. తెలుగు, తమిళం, మరాఠీ అన్నీ హిందూ గడిలోనే. లెక్క వేసేది 1972 జనాభా లెక్కల మీద, ఎందుకంటే ఆ తర్వాత వర్గం అడగడమే మానేశారు. యాభై ఏళ్ల నాటి లెక్క! నేను మారిషస్ వాణ్ణి అని మాత్రమే రాస్తాను అన్నవాళ్ల నామినేషన్లు తిరస్కరించారు. 2012లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ వాళ్ల పక్షాన తేల్చింది. 2014 ఎన్నికలకు ఒక్కసారి సడలించారు, మళ్లీ మామూలే. నా పిల్లలు ఈ గడులు నింపకుండా ఓటుకు నిలబడే రోజు రావాలని నా కోరిక.

నర్మద_జె
మీ మాట సబబే. కానీ రేపే తీసేస్తే చిన్న వర్గాలకు పడే దెబ్బ సంగతేంటి? మీ దేశంలో హిందువు కాని ప్రధాని ఇప్పటి దాకా పాల్ బెరాంజే ఒక్కరే, అదీ 2003 నుంచి 2005 దాకా. రక్షణ తీయాలంటే ముందు సీట్లు వచ్చే పద్ధతి మార్చాలి. వచ్చిన ఓట్లను బట్టి సీట్లు ఇచ్చే దామాషా పద్ధతి ముచ్చట ఎప్పటి నుంచో నడుస్తోంది, గెలిచిన ప్రతి కూటమీ గెలవగానే మర్చిపోతుంది.

లెడ్జర్_కిరణ్
ఆర్థికం నేను చెప్తా. హైదరాబాద్‌లో సీఏని, పని రీత్యా మారిషస్ కంపెనీల ఫైళ్లు చాలా చూశాను.

1961లో జేమ్స్ మీడ్ అనే ఆర్థికవేత్త, తర్వాత నోబెల్ కూడా వచ్చింది ఆయనకి, ఈ దీవికి వచ్చి చూసి భవిష్యత్తు బాగోదని రిపోర్టు రాశాడు. ఆయన కారణాలు తప్పు కాదు. మలేరియా అదుపులోకి వచ్చి జనాభా ఉరకలేస్తోంది, ఎగుమతుల్లో దాదాపు అంతా చక్కెరే, ఒక్క తుపానొస్తే ఆ ఏడాది బడ్జెట్ గల్లంతు. జనంలో ఒకరికి ఒకరు పడరు. అన్నీ నిజమే, అయినా దీవి మునగలేదు. ఎందుకు మునగలేదన్నదే అసలు విషయం.

మొదటిది చక్కెర. 1975లో లోమే ఒప్పందం కింద యూరప్ దేశాలు ఏటా దాదాపు 5 లక్షల టన్నులు, ప్రపంచ మార్కెట్ కంటే చాలా ఎక్కువ రేటుకి కొంటామని కోటా ఇచ్చాయి. అన్ని దేశాల్లోకీ పెద్ద కోటా వీళ్లదే. ఆ అదనపు డబ్బు ఎక్కడికి పోయిందో చూడండి. చక్కెర ఎగుమతి మీద పన్ను వేసి 1977 నుంచి హైస్కూలు చదువు ఫ్రీ చేశారు. ఆస్పత్రులు ఫ్రీ. ముసలివాళ్లందరికీ పెన్షన్ 1958 నుంచే ఉంది, ధనిక పేద తేడా లేకుండా. ఇలాంటి రేట్లు దొరికిన దేశాలు ఇంకా ఉన్నాయి, అన్నీ ఇలా ఖర్చు పెట్టలేదు. నా దృష్టిలో మారిషస్ కథ మొత్తం ఈ పంపకంలోనే ఉంది.

రెండోది బట్టలు. 1970లో ఎగుమతి మండలం చట్టం తెచ్చారు, హాంకాంగ్ వాళ్లు బట్టల ఎగుమతి కోటాల కోసం ఇక్కడికొచ్చి స్వెట్టర్ల మిల్లులు పెట్టారు, చక్కెర దొరల డబ్బూ అందులోకి వచ్చింది. 80ల మొదట్లో నూటికి 20 మందికి పని లేదు, ఆ దశాబ్దం చివరికి ఒక్క ఆ మండలంలోనే 90 వేల దాకా ఉద్యోగాలు. మూడోది టూరిజం, ఏడాదికి 13, 14 లక్షల మంది వస్తారు, అంటే దేశ జనాభా కంటే ఎక్కువ. నాలుగోది నా లైను. 1982లో మన దేశంతో పన్ను ఒప్పందం, 1992లో ఆఫ్‌షోర్ చట్టం, అంటే ఇక్కడ రిజిస్టరై బయటి దేశాల్లో వ్యాపారం చేసే కంపెనీల కోసం. మారిషస్ కంపెనీ మన దగ్గర షేర్లు కొని అమ్మితే లాభం మీద ఇక్కడ పన్ను లేదు, అక్కడా లేదు. దాంతో మన విదేశీ పెట్టుబడుల లెక్కల్లో ఈ దీవి చాలా ఏళ్లు మొదటి స్థానంలో ఉంది. 2016లో ఒప్పందం మార్చారు, 2017 ఏప్రిల్ 1 తర్వాత కొన్న షేర్ల మీద మన దగ్గర పన్ను పడుతుంది. 2020 ఫిబ్రవరిలో నల్లధనం చలామణీ మీద నిఘా పెట్టే అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఏటీఎఫ్ గ్రే లిస్టులో పడి 2021 అక్టోబరులో బయటపడ్డారు. ఒక్క బిల్డింగ్ అడ్రసు మీద వందల కంపెనీల బోర్డులు ఉండే కాలం అది. మన ఖజానాకు రావాల్సింది అలా పోయిందన్న కోపం నాకుంది, దాచుకోను.

నర్మద_జె
కిరణ్ గారూ, పంపకం అన్నారు, భూమి పంపకం జరగలేదు కదా. చెరకు భూమిలో పెద్ద భాగం ఇప్పటికీ ఫ్రెంచి మూలాలున్న కొద్ది కుటుంబాల కంపెనీలదే, వాళ్లు జనాభాలో రెండు శాతం లోపు. ఇప్పుడు అదే భూమి మీద విదేశీయులకు విల్లాలు కట్టి అమ్ముతున్నారు. ఇక బానిసల వారసులైన క్రియోల్ జనం, మీరు చెప్పిన ఎదుగుదలలో అందరికంటే వెనక మిగిలింది వాళ్లే. 1999 ఫిబ్రవరిలో కాయా అనే గాయకుడు పోలీసు కస్టడీలో చనిపోతే దేశం అట్టుడికింది. ఊరికే రగలలేదు అది.

చాగోస్ గురించి కూడా చెప్పాలి. 1965లో, స్వతంత్రానికి ముందే, బ్రిటన్ ఆ దీవులను మారిషస్ నుంచి విడదీసి డీగో గార్సియాను అమెరికా స్థావరానికి ఇచ్చింది. 1968 నుంచి 1973 దాకా అక్కడి మనుషులను, 1,500 నుంచి 2,000 మంది, ఓడలెక్కించి తెచ్చి ఎక్కువ మందిని పోర్ట్ లూయీ రేవులో దింపేశారు. కొబ్బరి, చేపలు తప్ప తెలియని మనుషులు మురికివాడల్లో పడ్డారు. 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం ఆ విడదీత చెల్లదని చెప్పింది. 2025 మే 22న బ్రిటన్, మారిషస్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి, దాని ప్రకారం దీవులు మారిషస్‌వి, డీగో గార్సియా 99 ఏళ్ల లీజు బ్రిటన్‌కి. ఊరు పోగొట్టుకున్న వాళ్లను మాత్రం ఈ చర్చల్లో బల్ల దగ్గర కూర్చోబెట్టలేదు.

సత్య_మారిషస్
మీరు చెప్పినవన్నీ నిజం. ఇంకో వైపు కూడా వినండి. మా అమ్మ ఆ స్వెట్టర్ల మిల్లులో పదిహేడేళ్లప్పుడు చేరింది. అంతకు ముందు మా ఇంట్లో ఆడవాళ్లు చెరకు తోటలో కలుపు తీయడమే. మా పొలాల్లో మీరు నల్లరాళ్ల గుట్టలు చూస్తారు, గుడి గోపురాల్లా వరసగా పేర్చి ఉంటాయి. చెరకు వేయడానికి నేలలోంచి ఒక్కొక్క రాయీ ఏరి పేర్చింది మా తాతలు, వాళ్ల చేతులు. అమ్మ మిల్లుకు వెళ్లిన తర్వాత ఇంట్లో మొదటిసారి ఆడమనిషి చేతికి నెల జీతం వచ్చింది. నాకు చదువు ఫ్రీ, బస్సు ఫ్రీ. 2005 నుంచి విద్యార్థులకు, ముసలివాళ్లకు బస్సు టికెట్ లేదు. ఇదంతా మాకు ఎవరూ దానంగా ఇవ్వలేదు, కొట్లాడి తెచ్చుకున్నాం.

మా నోట్లు చూడండి ఒకసారి. 25 రూపాయల నోటు మీద చైనీయుడు, 50 మీద ఫ్రెంచి సంతతి వాడు, 100 మీద తమిళుడు, 200 మీద ముస్లిం నాయకుడు, 500, 2000 మీద భోజ్‌పురి వాళ్లు. స్వతంత్రం వద్దన్న డ్యువాల్ 1000 నోటు మీద. ఇంగ్లీషు, తమిళం, హిందీల్లో విలువ రాసి ఉంటుంది. 1998లో తమిళం కంటే హిందీ పైన వేశారని ఎంత పెద్ద గొడవైందంటే ఆ నోట్లే వెనక్కి తీసుకున్నారు. బయటివాళ్లకి ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. మాకు అలా సర్దుకోవడమే రాజకీయం.

2020 ఆగస్టులో వకాషియో ఓడ నుంచి వెయ్యి టన్నుల చమురు మాహేబూర్ వైపు పగడపు దిబ్బ లోపలి నీళ్లలోకి కారినప్పుడు ఎవరూ ఎవరి వర్గం అడగలేదు. ఎండిన చెరకు ఆకుని గుడ్డ సంచుల్లో కూరి పొడవాటి తాళ్లలా కుట్టి నీళ్ల మీద పరిచాం. వారం పాటు చేతుల నలుపు వదల్లేదు. సర్కారు రావడానికి ముందే జనం వచ్చారు.

రోజ్‌హిల్_పద్మ
ఇప్పటి పరిస్థితి కూడా చెప్పాలి రవి గారూ, పాత ఘనతలు విని వస్తే ధరలు చూసి టెన్షన్ పడతారు. తినేదాంట్లో ముప్పాతిక దిగుమతే. బియ్యం, పప్పు, ఉల్లిపాయ, పాలపొడి అన్నీ ఓడలో రావాలి, వ్యాట్ 15 శాతం, పైగా ఇక్కడి రూపాయి విలువ కొన్నేళ్లుగా జారుతూ వచ్చింది. యూరప్ 2006 నుంచి చక్కెర రేటు 36 శాతం కోసేసింది, 2009లో ఆ పాత ఒప్పందమే పోయింది. ఒకప్పుడు 250కి పైగా ఉన్న చక్కెర మిల్లులు ఇప్పుడు మూడే. ఏడు లక్షల టన్నులు తీసిన దీవి ఇప్పుడు రెండున్నర లక్షల దరిదాపుల్లో ఉంది. ఖరీదైన రకాల చక్కెర చేస్తున్నారు, చెరకు పిప్పితో కరెంటు తీస్తున్నారు, దాంతో కొంత నిలదొక్కుకున్నారు. తోటలు పాడుపడి ముళ్లకంపలు లేచిన చోట్లు మాత్రం దారి పొడుగునా కనిపిస్తాయి.

పిల్లలు తక్కువ, ముసలివాళ్లు ఎక్కువ అవుతున్నారు. చదివినవాళ్లు కెనడా, ఫ్రాన్స్ వెళ్లిపోతున్నారు. మిల్లుల్లో, భవన నిర్మాణంలో, బేకరీల్లో బంగ్లాదేశ్, నేపాల్, మన దేశం, మడగాస్కర్ నుంచి వచ్చిన పనివాళ్లు. వాళ్ల డార్మిటరీలు చూస్తే, ఒకప్పుడు మనవాళ్లు ఓడ దిగి ఎక్కిన మెట్లు గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది. సర్కారు అప్పు జీడీపీలో 80 శాతం దాటింది. అందుకని 2025 జూన్ బడ్జెట్‌లో పెన్షన్ వయసు 60 నుంచి దశలవారీగా 65కి పెంచుతామన్నారు. అప్పటికి ఏడు నెలల ముందే 60కి 60 ఇచ్చిన జనమే రోడ్డెక్కారు. చక్కెర డబ్బుతో కట్టిన ఇల్లు అది, చక్కెర పోయాక ఖర్చు ఎవరు పెట్టాలి అన్నదే ఇప్పుడు ప్రతి ఇంట్లో వాదన.

లెడ్జర్_కిరణ్
పద్మ గారి ప్రశ్నకి నా జవాబు: ఫైనాన్స్ కంపెనీలు, విల్లాలు అమ్మేవాళ్లు పెట్టాలి. నెలజీతం వాడి పెన్షన్ అయిదేళ్లు వెనక్కి నెట్టే ముందు ఆస్తి మీద, భూమి లాభాల మీద పన్ను చూడొచ్చు.

నర్మద_జె
అదే నేనూ అనేది. భూమి దగ్గరికి వచ్చేసరికి ఏ సర్కారూ అడుగు వేయదు అక్కడ.

కాకినాడ_మాస్టారు
పెన్షన్ మీద మాత్రం నేను కిరణ్ వైపు. అరవై ఏళ్లు చెరకు తోటలో వంగినవాడి నడుముకు, ఎబెన్‌లో ఏసీ గదిలో కూర్చున్నవాడి నడుముకు ఒకే వయసు పెట్టకూడదు.

శ్రీకాకుళం_రవి
అందరికీ చేతులెత్తి నమస్కారం. ఇంత వస్తుందని ఊహించలేదు. రెండు చిన్న ప్రశ్నలు: ఇల్లు రోజ్ హిల్‌లో చూసుకోవాలా, కాత్ర్ బోర్న్‌లోనా? కారు లేకుండా నడుస్తుందా?

రోజ్‌హిల్_పద్మ
రెండూ బాగుంటాయి. మన ఎల్ అండ్ టీ వాళ్లు వేసిన మెట్రో ఉంది, పోర్ట్ లూయీ నుంచి రోజ్ హిల్, కాత్ర్ బోర్న్ మీదుగా క్యూర్‌పీప్ దాకా, ఎబెన్‌కు విడిగా ఒక లైను. మొదటి ఏడాది కారు లేకుండా హాయిగా గడిచిపోతుంది. ఆక్యుపేషన్ పర్మిట్ అని ఒకటే కాగితం, పనికీ నివాసానికీ కలిపి. అది మీ కంపెనీ వాళ్లు చూస్తారు, పాప జనన ధ్రువపత్రం ఒరిజినల్ మాత్రం బ్యాగులో పెట్టుకోండి. మధ్యాహ్నం బస్టాండు దగ్గర ధోల్ పూరీ బండి కనిపిస్తే ఆగండి. శనగపప్పు పొడి కూరిన మెత్తటి రొట్టె, తీపి లేని బొబ్బట్టు అనుకోండి, రెండు కలిపి చిక్కుడుగింజల కూర, టమోటా రుగాయ్, పచ్చిమిర్చి ముద్ద వేసి కాగితంలో చుట్టిస్తారు. పచ్చిమిర్చి ఎక్కువ వేయమని చెప్పడానికి మొహమాటపడకండి.

సత్య_మారిషస్
రవి గారూ, ఏ నెలలో వస్తున్నారో చెప్పండి. బడి కొత్త సంవత్సరం ఇక్కడ జనవరిలో మొదలవుతుంది, మీకు జూన్ అలవాటు కదా. పాపను తెలుగు తరగతిలో వేయాలనుకుంటే అడ్మిషన్ ఫారంలో ఆసియా భాష అన్న చోట ముందే రాయాలి. తర్వాత మార్చుకోవడం కష్టం.

శ్రీకాకుళం_రవి
డిసెంబరు మొదటి వారం సత్య గారూ. ఫారంలో తెలుగే రాస్తాం.